డాక్యుమెంటరీ

మనకు డాక్యుమెంటు అంటే పొలం కాగితం, రిజిస్ట్రారు ముద్ర. దాని మూలమైన లాటిన్ ‘డొకుమెంటుమ్’కు పాఠం, నిదర్శనం అని అర్థం, ‘డొకేరే’ అంటే నేర్పడం.

రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన ‘మోఆనా’కు డాక్యుమెంటరీ విలువ ఉందని 1926లో జాన్ గ్రియర్సన్ సమీక్షలో రాశాడు. ఈ తరహా సినిమాకు ఆ పేరు స్థిరపడింది అలాగే. ఒక సమోవా యువకుడు, చెట్టు బెరడుతో బట్ట తయారుచేసే అతని తల్లి, వాళ్ల వంట, పచ్చబొట్టు వేడుక: అదీ చిత్రం. అప్పటికే వాడుక తప్పిన దుస్తులు ఫ్లాహర్టీ వాళ్లకు తొడిగించాడు, నిజమే. కానీ భార్యాబిడ్డలతో ఏడాదికి పైగా ఆ ఊళ్లోనే కాపురమున్నాడు; ఆ చనువు తెరమీద కనిపిస్తుంది.

మన హాళ్లలో అసలు బొమ్మకు ముందు ఫిల్మ్స్ డివిజన్ రీళ్లు చూసి, డాక్యుమెంటరీ అంటే సర్కారు ప్రచారమనుకున్నాం. ఆ మాటకు అది అన్యాయం.