ప్రోస్టేట్ క్యాన్సర్ – వంశపారంపర్య జన్యు పరీక్షల పరిణామం

ప్రోస్టేట్ క్యాన్సర్ పురుషుల వ్యాధి. అయితే దాని వంశపారంపర్య ముప్పును తెలిపే జన్యు పరీక్షకు ప్రధాన ఆధారం స్త్రీల వ్యాధిపై జరిగిన పరిశోధనల నుండే లభించింది.

1990లో మేరీ క్లేర్ కింగ్ బృందం, చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్ బారిన పడిన స్త్రీల కుటుంబాలను పరిశీలించి, అందుకు కారణమైన జన్యువు 17వ క్రోమోజోముపై ఉన్నదని తెలిపింది. ఆ జన్యువు బ్రాకా-1ను 1994లోను, 13వ క్రోమోజోముపై గల బ్రాకా-2ను 1995లోను గుర్తించారు. రొమ్ము క్యాన్సర్‌కు గల ఆంగ్ల నామం నుండే ‘బ్రాకా’ అనే పేరు ఏర్పడింది.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ప్రత్యేకమైన జన్యువు కోసం సాగిన అన్వేషణ అంత సులభంగా ఫలించలేదు. 1996లో 1వ క్రోమోజోముపై సూచించిన స్థానాన్ని తరువాతి అధ్యయనాలు నిలకడగా ధ్రువీకరించలేదు. 2012లో హాక్స్‌బి-13 జన్యువులో గుర్తించిన మార్పు ప్రధానంగా ఉత్తర ఐరోపా మూలాలు గల కొద్ది కుటుంబాలలోనే కనిపించింది.

2016లో వెలువడిన ఒక అధ్యయనం ఈ చరిత్రను మలుపు తిప్పింది. వ్యాధి ఇతర అవయవాలకు వ్యాపించిన 692 మంది పురుషులలో 11.8 శాతం మందికి, డి.ఎన్.ఎ.ను మరమ్మతు చేసే జన్యువులలో పుట్టుకతో వచ్చిన లోపాలున్నట్లు తేలింది. వాటిలో బ్రాకా-2దే అగ్రస్థానం. 2020లో ఇటువంటి లోపాలున్న ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఓలాపారిబ్ ఔషధాన్ని అమెరికా ఆమోదించడంతో, ముప్పును తెలిపే పరీక్ష చికిత్సకు కూడా మార్గదర్శి అయింది.

ఈ మార్పు ఉన్నంత మాత్రాన వ్యాధి తప్పదని కాదు. కాని తండ్రి నుండి అది కుమారునికైనా, కుమార్తెకైనా సంక్రమించే అవకాశం సగం. కనుక పురుషుని కుటుంబ చరిత్రలో తండ్రి, సోదరుల వ్యాధితోపాటు తల్లికి, మేనత్తకు వచ్చిన రొమ్ము, అండాశయ క్యాన్సర్లను కూడా నమోదు చేయడం అవసరం.