ముసర పోయింది, గాలికుంటు ఎందుకు పోవట్లేదు?

మొన్న గాలికుంటు టీకాలకి మన పెనుగొండ వైపు పశువుల డాక్టరు గారొస్తే, ఒకాయన పాడిగేదెని పాకలోంచి బయటికి తియ్యలేదు. "ఆరు నెలలకోసారి పొడుస్తానే ఉన్నారు, రోగం మాత్రం పోవట్లేదు కదండీ" అన్నాడు. అడగాల్సిన మాటే. ముసర రోగం కథ తెలిస్తే జవాబు దొరుకుతుంది.

ముసర అంటే ఇప్పటి కుర్రాళ్ళకి తెలీదు. జ్వరం, నోట్లో పుళ్ళు, ఆపైన కంపుకొట్టే పారుడు. వారం పది రోజుల్లో పశువు పోయేది. మా తాతకి సార్వా దమ్ముల ముందు రెండెడ్లూ పోతే, ఆ ఏడు ఊరంతా తిరిగి ఎడ్లు అరువడిగాడట. ట్రాక్టర్లు లేని రోజులు మరి.

1920ల్లో ఉత్తరాదిన ముక్తేశ్వర్ పరిశోధనశాలలో ఎడ్వర్డ్స్ అనే ఆయన ముసర వైరస్‌ని వరసగా మేకల్లోకి ఎక్కించి, దాని జోరు తగ్గించి టీకా చేశాడు. 1954లో దేశమంతా నిర్మూలన పథకం మొదలైంది. నూటికి 80 పశువులకి టీకా వేస్తే చాలనుకున్నారు. రోగం బాగా తగ్గింది గానీ పోలేదు. ఏటా కొత్త దూడలు పుడతాయి. టీకా పడని పశువులు సంతలకీ, వలస మందలతోనూ ఊళ్ళు తిరుగుతాయి. వైరస్ వాటి వెంటే తిరిగింది. అలా నలభై ఏళ్ళు గడిచాయి.

1990ల్లో లెక్క మార్చారు. రోగం ఎక్కడ మిగిలిందో వెతికి అక్కడ టీకా బిగించడం, తగ్గిన చోట టీకా ఆపెయ్యడం. ఆపడమేంటి అనుకుంటారు. టీకా వేసిన పశువు రక్తంలోనూ, రోగమొచ్చి తేరుకున్న పశువు రక్తంలోనూ ఒకే గుర్తు కనపడుతుంది. టీకా ఆపాక పుట్టిన దూడల రక్తంలో ఆ గుర్తు లేకపోతేనే వైరస్ లేదని తేలేది. నన్నడిగితే సూది వెయ్యడం కన్నా ఆపడానికే ఎక్కువ గుండె కావాలి. 1995 తర్వాత మన దేశంలో ముసర కనపడలేదు. 2006లో మన దేశానికీ, 2011లో ప్రపంచానికీ ముసర లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి భూమ్మీద లేకుండా చేసిన రోగం ఇదొక్కటే.

గాలికుంటు అలా లొంగదు. ముసర టీకా సరిగ్గా ఒకసారి పడితే పశువుకి బతికినన్నాళ్ళూ కాపు. తేరుకున్న పశువు వైరస్‌ని మోసుకు తిరగదు. గాలికుంటు వైరస్‌లో 7 రకాలున్నాయి, ఒకదాని టీకా ఇంకోదానికి పనిచెయ్యదు. టీకా బలం ఆరు నెలలకి సన్నగిల్లుతుంది. తేరుకున్న గేదె గొంతులో వైరస్ నెలల తరబడి దాగుంటుంది. అందుకే 2019 నుంచి కేంద్రం పథకం పెట్టి, చెవికి ట్యాగు వేసి మరీ వరసగా వేయిస్తోంది. పాకలో దాచిన ఒక్క గేదె చాలు, పక్కోడి పాకకి అంటించడానికి. టీకా వేశాక రెండ్రోజులు పాలు తగ్గొచ్చు, నిజమే. గాలికుంటొస్తే ఆ ఈతంతా తగ్గుతాయి.

ముసర దారిలో పోగల రోగం ఇంకోటుంది, గొర్రెలు మేకలకొచ్చే పారుడు రోగం. అది ముసరకి చుట్టమే. దాని వైరస్‌దీ ఒకటే రకం, ఒక టీకా మూడేళ్ళు కాస్తుంది. 2030కల్లా ప్రపంచంలో లేకుండా చెయ్యాలని గడువు పెట్టుకున్నారు. జీవాలున్నవాళ్ళు ఈసారి డాక్టరు గారొచ్చినప్పుడు ఆ టీకా ఎప్పుడేస్తారో కూడా అడిగి తేదీ రాసుకోండి.