పుత్తూరు కట్టా, పిండికట్టా?

పుదుచ్చేరిలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నవాడికి సలహాలకు కొదవుండదు. ఒకరు గోరిమేడు జిప్మర్ ఆసుపత్రికి పొమ్మంటారు, ఇంకొకరు పుత్తూరు కట్టు వేయించుకోమంటారు.

జిప్మర్ మూలం 1823లో ఫ్రెంచివాళ్లు ఇక్కడ పెట్టిన వైద్య పాఠశాల. అది 1956లో ధన్వంతరి వైద్య కళాశాలగా, 1964లో జిప్మర్‌గా మారింది. అరచెయ్యి ఆనించి పడితే మణికట్టు దగ్గర విరిగే ఎముక సంగతి ఆ పాఠశాలకు ముందే, 1814లో, డబ్లిన్ వైద్యుడు కోలిస్ రాశాడు. ఫ్రెంచివాళ్లు మాత్రం తమ లియోన్ వైద్యుడు పూతో పేరు ముందు చేర్చి పూతో-కోలిస్ అంటారు. పూతో రాతలు 1783కే అచ్చయ్యాయి మరి. ఎక్స్‌రే వచ్చింది 1895లో. వీళ్లిద్దరూ వేళ్లతో తడిమి చూసి చెప్పినవాళ్లే.

అప్పట్లో గంజిగుడ్డల కట్టు ఆరడానికి రెండు మూడు రోజులు పట్టేది. డచ్చి సైనిక వైద్యుడు మథైసెన్ జిప్సమ్‌ను కాల్చి చేసిన పొడిని నూలుగుడ్డకు పట్టించి, తడిపి చుట్టే పద్ధతిని 1852లో ప్రకటించాడు. మన పిండికట్టు అదే, నిమిషాల్లో గట్టిపడుతుంది. చుట్టిన కాసేపటికి కట్టు వెచ్చబడితే కంగారు పడక్కర్లేదు, పొడి నీళ్లు తాగి మళ్లీ రాయి అవుతుంటే పుట్టే వేడి అది.

పుత్తూరు కట్టు మన చిత్తూరు సీమది. పుత్తూరు పక్క రాచపాళెంలో 1881లో కేశవరాజు మొదలుపెట్టారని చెబుతారు. వేటలో దొరికిన కుందేలుకు ఆకులు చుడితే ఎముకలు అతుక్కున్నాయన్న కథ మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ మాత్రం నిజం. ఆ పేరుతో ఇప్పుడు తమిళనాడంతా బోర్డులున్నాయి. బోర్డున్నంత మాత్రాన కేశవరాజు ఇంటి హస్తవాసి ఉంటుందని లేదు.

అదే 1881లో జర్మనీలో ఫోల్క్‌మన్ అనే వైద్యుడు ఒక హెచ్చరిక రాశాడు. కట్టు మరీ బిగిస్తే రక్తం ఆడక కండ చచ్చి, వేళ్లు కొక్కేల్లా ముడుచుకుపోతాయని. సుశ్రుతుడు ఈ మాట ఎప్పుడో చెప్పాడు: వదులైతే ఎముక నిలవదు, బిగిస్తే వాపూ నొప్పీ. చలికాలంలో ఏడు రోజులకు, ఎండల్లో మూడు రోజులకే కట్టు మార్చమన్నాడు. అరచెయ్యి విరిగి అతుక్కున్నాక మొదట పేడముద్ద పట్టుకోవాలట, తర్వాత మట్టిముద్ద, బలం వచ్చాక రాయి. ఇవాళ ఫిజియోథెరపిస్టు మెత్తటి ముద్దతో మొదలుపెట్టి రబ్బరు బంతికి తీసుకెళ్లేదీ ఇదే వరుసలో.

ఎముకను అతికించేది ఒళ్లే. కట్టు దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది, అంతే. అయితే పక్కకు జరిగిన ఎముకను ముందు సరిగ్గా కూర్చాలి గనక, నా ఓటు ఎక్స్‌రే తీసి చూసి వేసే కట్టుకే. మీరు ఏ కట్టు వేయించుకున్నా సరే, వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి ఆగకుండా పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లి కట్టు విప్పించండి.