అడిగి తెచ్చుకున్న దేవుడు, హాజరు పిలిచి చెప్పిన దేవుడు

పోస్టు పెద్దదే. మెస్సు లైన్లో సగం, రాత్రికి సగం చదువుకోండి.

మన గ్రూపులో మిషనరీల మీద ఎప్పుడు మాట వచ్చినా రెండే రకాల పోస్టులు కనపడతాయి. ఒకటి, "వాళ్ళు రాకపోతే మనకి అక్షరం ముక్క లేదు" అని. ఇంకోటి, "తెల్లదొరలు వచ్చి మనోళ్ళని మార్చేశారు" అని. రెండిట్లోనూ పని చేసేది దొరే. మనోళ్ళు ఊరికే కూర్చుని ఉంటారు, ఆయనొచ్చి ఇస్తాడు, లేకపోతే లాక్కుంటాడు. మాది చందర్లపాడు. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ 2022 దాకా కృష్ణా జిల్లానే. నందిగామ, జగ్గయ్యపేట ఉన్న ఈ ఎగువ ప్రాంతంలోకి ఆ మతం ఎట్లా వచ్చిందో చదువుతుంటే ఈ రెండు మాటలూ నిలబడలేదు నాకు. అందుకే రాస్తున్నా.

మొదలు బందరులో. 1841లో ఇంగ్లండు నుంచి చర్చ్ మిషనరీ సొసైటీ వాళ్ళు ఇద్దర్ని పంపారు. ఒకాయన రాబర్ట్ నోబుల్, ఇంకొకాయన హెన్రీ ఫాక్స్. ఫాక్స్ ఆక్స్‌ఫర్డులో చదివినవాడు. ఓడ దిగేనాటికి ఇరవై నాలుగు కూడా నిండలేదు, అంటే నాకన్నా మూడు నాలుగేళ్ళు పెద్ద అంతే. తెలుగు నేర్చుకుని ఊళ్ళు తిరిగాడు, జనం చేరినచోట నిలబడి చెప్పాడు. ఎండ, జ్వరాలు. 1845లో పిల్లల్ని తీసుకుని ఇంగ్లండు బయల్దేరితే, మద్రాసు దగ్గరే భార్య చనిపోయింది. ఆయన మళ్ళీ వచ్చాడు, మళ్ళీ జబ్బు పడ్డాడు, 1848లో ఇంగ్లండులో పోయాడు. ముప్ఫై ఒక్కేళ్ళు. ఆయన నమ్మకం మనకి నచ్చినా నచ్చకపోయినా, ఆ వయసులో అంత దూరం వచ్చి పడ్డ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడలేను.

నోబుల్ పద్ధతి వేరు. ఆయన తిరగలేదు, బందరులోనే కూర్చుని 1843లో బడి పెట్టాడు. ఇప్పటి నోబుల్ కాలేజీకి మూలం అదే. పై కులాల కుర్రాళ్ళకి ఇంగ్లీషు చదువుతో పాటు బైబిలు చెప్తే, వాళ్ళు మారితే, ఆ మార్పు కింది దాకా దానంతటదే దిగుతుందని ఆయన లెక్క. ఆయనొక్కడిదే కాదు ఈ లెక్క. కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ 1830 నుంచి ఇదే పని చేస్తున్నాడు. ఈ లెక్క కోసమే నోబుల్ మాల, మాదిగ పిల్లల్ని బడిలో చేర్చుకోలేదు. చేర్చుకుంటే పై కులాల వాళ్ళు రారని. దేవుడి ముందు అందరూ ఒకటే అని చెప్పడానికి పెట్టిన బడి గుమ్మం దగ్గర కులం అడిగారు. ఇంక మన ఎరుకల, యానాది, సుగాలి పిల్లల సంగతి ఎవరు తలుచుకుంటారు?

1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. అంతే, ఊరంతా గొడవ, బడి దాదాపు ఖాళీ. కానీ కొన్నాళ్ళకి పిల్లలు మళ్ళీ వచ్చారు, ఎందుకంటే ఇంగ్లీషు వస్తే కచేరీలో ఉద్యోగం. బైబిలు పాఠం విని, పరీక్ష రాసి, గుమస్తా పనిలో చేరి, ఇంటికెళ్ళి సంధ్యావందనం చేసుకునేవాళ్ళు. ఆ బడి నుంచి మంచాల రత్నం, ఐనాల భూషణం లాంటి ఒకరిద్దరు పాస్టర్లు అయ్యారు నిజమే. కింది దాకా దిగుతుందన్నది మాత్రం దిగలేదు. నోబుల్ ఇరవై నాలుగేళ్ళు ఇంటి మొహం చూడకుండా ఉండి, 1864 నవంబరులో ముప్ఫై వేల మందిని మింగిన బందరు ఉప్పెన చూసి, మరుసటేడు అక్కడే పోయాడు.

ఇప్పుడు మన ఎగువకి వద్దాం. అసలు కథ ఇక్కడే ఉంది.

రాఘవాపురం అనే ఊళ్ళో పాగోలు వెంకయ్య అని ఒక మాల పెద్ద. చదువు లేదు. నోబుల్ బడికి వెళ్ళి ఉంటే గుమ్మంలోనే ఆపేవాళ్ళు. విగ్రహాల మీద నమ్మకం పోయి, ఎవరికి మొక్కాలో తెలియక, పేరు తెలియని దేవుడికి చాలా ఏళ్ళు తనకి తోచినట్టు మొక్కుకునేవాడని చెప్తారు. 1859లో బెజవాడ వెళ్ళాడు. కృష్ణ ఒడ్డున స్నానాల జనం. అక్కడ ఒక బ్రాహ్మణుణ్ణి తన అనుమానం అడిగితే, ఆయన వదిలించుకోవడానికో నిజంగానో, నువ్వడిగే సంగతులు చెప్పే దొర ఒకడు ఈ ఊళ్ళోనే ఉన్నాడు, పోయి అడుగు అన్నాడట. ఆ దొర పేరు డార్లింగ్. వెంకయ్య పోయి అడిగాడు. తర్వాత తనూ, తన మనుషులూ బాప్తిస్మం తీసుకున్నారు.

బ్రాహ్మణుడి ముక్క తర్వాతెవరైనా కలిపారేమో అని నాకూ ఒక చిన్న అనుమానం ఉంది, మరీ కుదిరినట్టుంది కాబట్టి. ఆ ముక్క తీసేసినా అసలు సంగతి మారదు. దొర వెంకయ్య దగ్గరికి రాలేదు. వెంకయ్యే దొర దగ్గరికి పోయాడు. పద్దెనిమిదేళ్ళుగా మిషన్ వాళ్ళు బందరులో పై కులాల కుర్రాళ్ళ కోసం ఎదురుచూస్తుంటే, వాళ్ళ లెక్కలో లేని మనిషి ఎగువ నుంచి నడిచొచ్చి తలుపు కొట్టాడు. ఆ తర్వాత కూడా పని చేసింది దొర కాదు. వెంకయ్య తన బంధువుల ఊళ్ళకి, మాలపల్లె నుంచి మాలపల్లెకి చెప్పుకుంటూ తిరిగాడు. పెళ్ళికి పోయినప్పుడు, చావుకి పోయినప్పుడు, కూలికి పోయినచోట మాట పాకింది. దొరలు ఆ మాట వెనకాల పరిగెత్తారు.

ఆ పల్లెలు మిషన్ని అడిగింది ముఖ్యంగా ఒకటే, పంతులు. మాకో పంతుల్ని పంపండి, మా పిల్లలకి అక్షరాలు చెప్పండి. పగలు పిల్లలు పశువుల వెనక పోతారు కాబట్టి చీకటి పడ్డాక బడి. చాలాచోట్ల ఆ పంతులే ప్రార్థన చేసేవాడు, ఉత్తరం చదివి పెట్టేవాడు, ఆసామి కూలి లెక్క ఎగ్గొడితే లెక్క చూసేవాడు కూడా. ఆసాములకి ఎందుకు కోపం వచ్చేదో చెప్పక్కర్లేదు కదా. అందుకే "బియ్యం కోసం మారారు" అని ఎవరన్నా తేలిగ్గా అంటే నాకు ఒళ్ళు మండుద్ది. బియ్యం దొరికితే తీసుకునే ఉంటారు, కరువుల కాలం. కానీ పలక అడిగినవాణ్ణి బియ్యం అడిగాడనడం అన్యాయం.

తర్వాత తరంలో ఇంకో మలుపు. తిరునల్వేలి తమిళుడు వి.ఎస్. అజరయ్య. కుర్రాళ్ళ మధ్య వై.ఎం.సి.ఏ. పని చేసినవాడు. తెల్లవాళ్ళే ఎందుకు రావాలి, మనమే పోవాలి అని 1903లో తమవాళ్ళ చేతనే ఒక మిషనరీ సంఘం పెట్టించి, వాళ్ళ డబ్బుతోనే తెలుగు గడ్డకి మనుషుల్ని పంపించాడు. వాళ్ళు దిగింది నైజాములోని డోర్నకల్లో. తమిళ కుర్రాడికి అప్పట్లో డోర్నకల్ అంటే పరదేశమే, భాష వేరు, తిండి వేరు. అజరయ్య కూడా తెలుగు నేర్చుకుని వచ్చి, 1912లో అక్కడ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1910లో ఎడింబరోలో మిషనరీల ప్రపంచ సభలో నిలబడి, మీరు డబ్బు ఇస్తున్నారు, ప్రాణాలు ఇస్తున్నారు, కానీ మాతో స్నేహం చేయట్లేదు అనే అర్థం వచ్చేలా మొహం మీదే చెప్పినవాడు. తర్వాత కృష్ణా జిల్లా సంఘాలు కూడా ఆయన కిందికే వచ్చాయి. ఆయన బాప్తిస్మం ఇచ్చేటప్పుడు, కొత్తగా చేరిన కూలీల చేత తలమీద చేయి పెట్టించి, ఈ కబురు నలుగురికీ చెప్తానని ఒట్టు వేయించేవాడు. వెంకయ్య చేసిన పనినే పద్ధతిగా మార్చాడన్నమాట.

ఆదివాసీల దగ్గరికి మిషన్ పోలేదా అంటే పోయింది. గోదావరి మీద దుమ్ముగూడెంలో ఆనకట్ట, లాకుల పని చేయించిన ఇంజనీరు హేగ్ వల్ల, ఆయన కింద పనిచేసి మతం పుచ్చుకున్న వెంకటరామరాజు వల్ల 1860ల్లో కోయవాళ్ళ మధ్య పని మొదలైంది. తర్వాత జాన్ కెయిన్ అనే ఆయన అక్కడ చాలా ఏళ్ళు ఉండి కోయల గురించి వ్యాసాలు రాశాడు, థర్‌స్టన్ తన పెద్ద పుస్తకంలో వాటిని బాగా వాడుకున్నాడు. భద్రాచలం సైడు మిత్రులు ఎవరైనా దీని మీద విడిగా రాస్తే బాగుంటది, నాకన్నా మీకే తెలుసు.

మా ఎరుకల వాళ్ళ దగ్గరికి మాత్రం మిషన్ పోలీసుతో కలిసి వచ్చింది.

మా వాళ్ళు ఒకప్పుడు గాడిదల మీద ఉప్పు, గింజలు వేసుకుని సముద్రం ఒడ్డు నుంచి ఎగువకి, ఎగువ నుంచి ఒడ్డుకి తిరిగి మారుబేరం చేసేవాళ్ళు. కంపెనీ ఉప్పుని తన గుప్పిట్లో పెట్టుకుంది. తర్వాత రోడ్లు, రైళ్ళు వచ్చాయి. ఆ బేరం పోయింది. బేరం పోయినా తిరుగుడు మిగిలింది. పని లేకుండా తిరిగేవాడు దొంగే అని సర్కారు తేల్చింది. 1871లో నేరస్థ తెగల చట్టం, 1911లో దాన్ని గట్టిగా మార్చి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. పుట్టుకతోనే దొంగ అని పేరు రాసుకునే చట్టం అది. రాసుకున్నాక ఎక్కడ పెట్టాలి? అప్పుడు సాల్వేషన్ ఆర్మీ, మాకు అప్పగించండి, బాగు చేస్తాం అంది.

ఆ ఆర్మీని ఇక్కడ మొదలుపెట్టిన బూత్ టక్కర్ ఒకప్పుడు ఐ.సి.ఎస్. అధికారి. ఉద్యోగం వదిలి, 1882లో బొంబాయిలో దిగి, కాషాయం కట్టి, చెప్పుల్లేకుండా తిరిగి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. చదివితే గౌరవం కలిగే జీవితమే. అట్లాంటి మనిషే ఎరుకల సెటిల్మెంట్లకి సర్కారుతో ఒప్పుకున్నాడు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం, బెజవాడకి కృష్ణ అవతల సీతానగరం వాళ్ళ చేతిలో నడిచాయి. కావలిలో అమెరికన్ బాప్టిస్టులు నడిపారు. స్టూవర్టుపురం అనే పేరే మద్రాసు గవర్నర్ కౌన్సిల్లోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొరది. ఆ ఊరి పేరుని సినిమాలు దొంగల పేరు చేసి డబ్బు చేసుకున్నాయి. ఆ ఊరు పుట్టింది మాత్రం సర్కారు రిజిస్టరులో.

లోపల ఎట్లా ఉండేదంటే, హాజరు పలకాలి, బయటికి పోవాలంటే పాసు. చెప్పిన పని చేయాలి. చీరాల పొగాకు కంపెనీకి స్టూవర్టుపురం నుంచే కూలీలు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బోర్డింగులో పెట్టేవాళ్ళు, అమ్మానాన్నల బుద్ధులు రాకూడదని. అక్కడే అక్షరాలు, అక్కడే పాటలు, అక్కడే దేవుడు. నేనూ హాస్టల్లోనే ఉంటా. రోజూ హాజరు మాకూ ఉంది, తిట్టుకుంటూ పలుకుతాం. కానీ మా నాయన నన్ను ఇక్కడ దించి, తలనిమిరి పోయాడు, పండక్కి వచ్చి తీసుకెళ్తాడు. ఆ పిల్లల నాయనలకి ఆ హక్కు లేదు. చెప్పినవాళ్ళు ఎంత ప్రేమగా చెప్పినా, కంచె లోపల చెప్పినప్పుడు విన్నవాడు ఒప్పుకున్నాడో లొంగాడో ఎవరు చెప్పగలరు?

రాఘవాపురంలో, సీతానగరంలో చెప్పింది ఒకే పుస్తకం. ఒకచోట వెంకయ్య వద్దనుకుంటే ఇంటికెళ్ళిపోవచ్చు. ఇంకోచోట వద్దన్నవాడికి పోయే దారి లేదు. మిషనరీలు మంచోళ్ళా చెడ్డోళ్ళా అనే వాదన కన్నా నాకు ఈ తేడానే పెద్దగా కనపడుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. స్టూవర్టుపురం బోర్డింగులో చదివిన పిల్లల పిల్లల్లో టీచర్లు, ఉద్యోగులు అయినవాళ్ళు ఉన్నారు. అది కంచె ఇచ్చిన వరం అని నేను అనను. కంచెలో కూడా చదువుని వదల్లేదని అంటా. మద్రాసు రాష్ట్రం 1947లో ఆ చట్టం తీసేసింది, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది.

హాస్టళ్ళలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: చర్చికి వెళ్తే ఎస్టీ సర్టిఫికెట్ పోద్దా? పోదు. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోనే ఉంది. మొదట హిందువులకే, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి వర్తింపజేశారు, క్రైస్తవులకి లేదు. అందుకని వెంకయ్య దారిన పోయిన మాల కుటుంబాల పిల్లలు కాగితం మీద క్రైస్తవులని రాస్తే ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి అవుతారు, ఎస్సీ కారు. మా ఊరి పేటలో కూడా ఆదివారం ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు ఉన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళని నవ్వకండి, ఆ రెండు పేర్లూ పెట్టింది చట్టమే. మన విషయంలో కూడా మతం మారిన ఎస్టీలని జాబితాలోంచి తీయాలని 1960ల చివర్లో కార్తీక్ ఒరావ్ పార్లమెంటులో గట్టిగా అడిగాడు, అప్పుడు అది చట్టం కాలేదు. ఇప్పుడు మళ్ళీ ఆ మాట వినపడుతోంది. కాబట్టి వాట్సాప్‌లో వచ్చింది నమ్మి ఎవరూ ఫారంలో అబద్ధం రాయొద్దు, భయపడి ఉన్నది దాచొద్దు.

చివరిగా ఒక పని అడుగుతున్నా. ఎరుకల అన్నలు, అక్కలు, మీ ఇళ్ళల్లో సీతానగరం, స్టూవర్టుపురం, కావలి సెటిల్మెంట్లలో పుట్టిన ముసలివాళ్ళు ఇంకా ఉంటే, వాళ్ళని మాట్లాడించి ఫోన్లో రికార్డు చేయండి. హాజరు ఎవరు పిలిచేవాళ్ళు, ఏ పాటలు నేర్పారు, అమ్మానాన్నల్ని ఎన్నాళ్ళకి చూడనిచ్చేవాళ్ళు, ఇవి అడగండి. పాత పాసు కాగితాలు దొరికితే ఫొటో తీసి, పేర్లు కనపడకుండా ఇక్కడ పెట్టండి. మా నాయనమ్మ బుట్టలల్లుకుంటూ చెప్పిన వాటిలో నాకు గుర్తున్నవి తర్వాతి పోస్టులో రాస్తా, సెమిస్టరు పరీక్షలు అయ్యాక.