గుట్టు అమ్ముకున్న గోదా

తొంభైల్లో మా తెనాలిలో రెజ్లింగ్ ట్రంప్ కార్డుల దగ్గర తగాదా పడి, నెలల తరబడి మాట్లాడుకోని పిల్లలుండేవాళ్ళు. ఎత్తు, బరువు, ఛాతీ, కండలు, ఆడిన ఫైట్లు: కార్డు మీద ఏ అంకె అచ్చేస్తే అదే మాకు ప్రమాణం. అండర్‌టేకర్ అనే మల్లుడికి ఏడు ప్రాణాలున్నాయన్నది మాత్రం అంకెలతో పనిలేని సత్యం. 1994 జనవరిలో, రాయల్ రంబుల్ పోటీల్లో అతన్ని శవపేటికలో పెట్టి మూసేశారు. ఆ ఆగస్టులో సమ్మర్‌స్లామ్‌లో ఒకరికెదురుగా ఒకరు ఇద్దరు అండర్‌టేకర్లు నిలబడ్డారు. నకిలీ వేషం కట్టినవాడి పేరు బ్రయన్ లీ. 1996లో వచ్చిన అక్షయ్ కుమార్ సినిమా 'ఖిలాడియోం కా ఖిలాడీ'లో అండర్‌టేకర్‌గా తన్నులు తిన్నదీ ఆ బ్రయన్ లీయే. మా బజారు బజారంతా అసలువాడే ఓడిపోయాడని నమ్మి దిగులు పడింది.

నమ్మించడం రెజ్లింగ్ వృత్తికి కొత్త కాదు. 1920లలో ఒకే పట్టులో గంటలకొద్దీ సాగే కుస్తీలకు అమెరికా జనం విసిగిపోతుంటే, ఎడ్ 'స్ట్రాంగ్లర్' లూయిస్, బిల్లీ శాండో, టూట్స్ మాంట్ అనే ముగ్గురు కలిసి ఆటను అందంగా కుదించారు. ఎగరేసి పడేయడం, పరుగులు, గుద్దులు కలిపారు. గెలుపోటములు ముందే రాసుకుని, జట్టు కట్టి ఊరూరా తిరిగారు. అప్పటినుంచీ ఆ గుట్టు కాపాడటమే సగం ఉద్యోగం. వాళ్ళ భాషలో దాన్ని కేఫేబ్ అంటారు. రింగులో నాయకుడు, ప్రతినాయకుడు అయినవాళ్ళు బయట ఒకే కారెక్కకూడదు, ఒకే హోటల్లో కలిసి తినకూడదు.

గుట్టు ఎంత పవిత్రమో జాన్ స్టాసెల్‌ని అడగాలి. 1984 డిసెంబరు 28న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ తెర వెనకాల, ఇదంతా ఉత్తుత్తిదే కదా అని ఆ టీవీ విలేకరి డేవిడ్ షుల్ట్స్ అనే మల్లుడితో అన్నాడు. షుల్ట్స్ అతని రెండు చెవుల మీదా చెరొకటి పీకాడు. తొమ్మిది నెలలు తిరక్కముందే, 1985 సెప్టెంబరులో, సీబీఎస్‌లో శనివారం పొద్దున పిల్లల కార్టూన్ మొదలైంది: 'హల్క్ హోగన్స్ రాక్ ఎన్ రెజ్లింగ్'. రింగు నాయకుడు హోగన్‌కి గొంతిచ్చింది బ్రాడ్ గారెట్ అనే హాస్యనటుడు. మంచివాళ్ళంతా హోగన్ పక్షం, చెడ్డవాళ్ళంతా రాడీ పైపర్ పక్షం, ఐరన్ షేక్ సహా. ఒక పక్క పెద్దమనుషుల చెవులు వాయిస్తూ, ఇంకోపక్క ఆ పాత్రల్నే బొమ్మలుగా గీయించడంలో ఈ పోటీలు నడిపే కంపెనీకి (నేటి డబ్ల్యూడబ్ల్యూఈ) ఏ ఇబ్బందీ కనిపించలేదు. నిజానికి కార్టూన్‌కి కావలసిన సరుకంతా రింగులోనే సిద్ధంగా ఉంది. కొత్తగా కనిపెట్టవలసిన అవసరమే రాలేదు.

1987 మేలో న్యూజెర్సీ రోడ్డు మీద పోలీసులు ఒక కారు ఆపారు. లోపల ఐరన్ షేక్, 'హాక్సా' జిమ్ డగ్గన్, కొంచెం మత్తు సరుకు. సరుకు కన్నా పెద్ద నేరం, రింగులో ఇరాన్‌వాడైన షేక్‌కీ అమెరికా జెండా పట్టుకు తిరిగే డగ్గన్‌కీ బద్ధవైరం ఉండగా ఒకే కారులో దొరకడం. కంపెనీ ఇద్దర్నీ తీసేసింది, తర్వాత మళ్ళీ చేర్చుకుంది.

అదే న్యూజెర్సీలో 1989లో అసలు కథ జరిగింది. మల్లులకు లైసెన్సు, ఆటకు ముందు డాక్టరు పరీక్ష, టీవీ ప్రసారం మీద పన్ను... ఇవన్నీ క్రీడలకు వర్తిస్తాయి. మాది క్రీడ కాదు, వినోదం అని కంపెనీ ప్రతినిధులు రాష్ట్ర శాసనసభ్యుల ముందు నిక్షేపంలా ఒప్పేసుకున్నారు. విలేకరి అడిగితే చెవులు వాచాయి, పన్ను తగ్గుతుందంటే నోళ్ళు తెరుచుకున్నాయి. డాక్టరు పరీక్ష కూడా ఆ జాబితాలో ఉందన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. గెలుపోటములు ముందే రాసుకోవచ్చు గానీ, పడ్డప్పుడు విరిగే వెన్నుకి ఎవరూ స్క్రిప్టు రాయరు.

ఇది తెలిశాక జనం చూడటం మానేశారా? లేదు. మా తాతయ్య పద్యనాటకాల మనిషి. గయోపాఖ్యానంలో కృష్ణుడూ అర్జునుడూ యుద్ధానికి దిగితే ఎవరు చస్తారోనని ఏ ప్రేక్షకుడూ కంగారుపడడు. బాణం ఎక్కుపెట్టిన అర్జునుణ్ణి ఆపి వన్స్‌మోర్ కొట్టి పద్యం మళ్ళీ పాడించుకుంటాడు. కేబుల్‌లో రెజ్లింగ్ వస్తుంటే ఆయన కూడా అలాగే చూసేవాడు. "ఆ దుర్మార్గుడు బాగా చేస్తున్నాడ్రా, హీరోకే అంత పస లేదు" అని తీర్పు చెప్పి మజ్జిగ తాగేవాడు.

రెజ్లింగ్ మీద పెద్దల కార్టూన్లు ఈ రహస్యం లేని కాలంలో పుట్టినవే. 1998లో ఎంటీవీ 'సెలెబ్రిటీ డెత్‌మ్యాచ్' అని మట్టితో చేసిన తారల బొమ్మలను రింగులో నరికించింది. 2009లో 'సౌత్ పార్క్' ఒక ఎపిసోడ్‌లో బాగా దెబ్బ కొట్టింది. టీవీలో చూసి మోజుపడిన పిల్లలు బడిలో అసలు కుస్తీ నేర్పే మాస్టారి దగ్గరికి వెళ్ళి, ఇదేంటి అసహ్యంగా అని పారిపోతారు. తమ పెరట్లో సొంత రింగు కట్టి, ఏడుపులు, ద్రోహాలు, శపథాలతో నాటకం మొదలెడతారు. చూడొచ్చిన జనం కళ్ళు తుడుచుకుంటారు. రెజ్లింగ్ మీద ఇంతకన్నా సరైన విమర్శ నేను చూడలేదు.

2016 మేలో కంపెనీ తన సొంత నెట్‌వర్క్‌లో 'క్యాంప్ డబ్ల్యూడబ్ల్యూఈ' పెట్టింది. సెత్ గ్రీన్ బృందం చేసిన బూతు హాస్యం. ఆస్టిన్, అండర్‌టేకర్, సీనా లాంటి మల్లులందరూ వేసవి శిబిరంలో అల్లరి పిల్లలు. శిబిరం యజమాని, అప్పటి కంపెనీ అధిపతి విన్స్ మెక్‌మాన్; గొంతూ ఆయనదే. మా బాబాయి కొడుకు దాన్ని తెగ మెచ్చుకున్నాడు. "అన్నయ్యా, పాత ఆస్టిన్ మళ్ళీ దొరికాడు" అన్నాడు. వాడి మాటలో నిజముంది. 2008లో, టీవీలో పిల్లలకు పనికొచ్చేలా ఆట నడపాలని కంపెనీ నిర్ణయించుకుంది. తొంభైల నోటిదురుసు రింగులో వినపడని ఆ కాలంలో, దానికి కార్టూన్‌లో చోటు దొరికింది. పాత సంగతులు తెలిసినవాడికి ప్రతి మూలా ఓ జోకు. తెలియనివాడికి మిగిలేది బూతు ఒక్కటే, అందులో సగం బూతు కోసం బూతు.

నాకు నచ్చనిది వేరే ఉంది. యజమానిని వెక్కిరించే జోకు యజమాని జేబులోంచే వస్తే, అది ఆయనకు ఎక్కడ నొప్పో అక్కడ తగలదు. మెక్‌మాన్ పొగరుబోతు, పిచ్చివాడు, నీచుడు అని చెబుతూనే కార్టూన్ ఆయన్ని ముద్దుచేస్తుంది. 1997 నుంచి రింగులో ఆయన వేసిన 'మిస్టర్ మెక్‌మాన్' వేషం చేసిన పనీ ఇదే. 2024 జనవరిలో ఒక మాజీ ఉద్యోగిని లైంగిక వేధింపుల దావా వేయడంతో ఆయన కంపెనీలో పదవి వదులుకున్నాడు, ఆరోపణల్ని ఖండించాడు. దావా తేలేదాకా తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. కానీ ఆ వార్త చదివాక ఒక ఎపిసోడ్ మళ్ళీ పెట్టి, మధ్యలో ఆపేశాను. తమ్ముడు మాత్రం పూర్తిగా చూశాడు, ఇప్పటికీ మొదటి సీజన్ బాగుందనే అంటాడు. ఈ సంగతి మీద మాకు ఇంకా తగాదా తీరలేదు.