మాంటిస్సోరి బోర్డు వెనక

గుంటూరు, ఒంగోలు వైపు ‘మాంటిస్సోరి’ అని బోర్డున్న బళ్లు మీరూ చూసే ఉంటారు. ఆ పేరు వినగానే మనకి ముందు ఫీజు గుర్తొస్తుంది. కానీ ఆ పద్ధతి పుట్టింది బళ్లు వద్దన్న పిల్లల దగ్గర.

1900 ప్రాంతంలో రోమ్‌లో డాక్టరు మరియా మాంటిస్సోరి బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల చేతికి పేర్చేవి, గుచ్చేవి ఇచ్చి చూశారు. వాళ్లకి మందుకన్నా చదువు చెప్పే తీరు ముఖ్యమని ఆవిడ వాదన. 1907లో ఒక పేదవాడలో మామూలు పిల్లలకీ అదే మొదలుపెట్టారు. 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్లపాటు మన దేశంలోనే ఉండిపోయారు. 1955లో విజయవాడలో కోటేశ్వరమ్మగారు మాంటిస్సోరి బడి పెట్టారు.

మరి ఎవరి దగ్గర పుట్టిందో ఆ పిల్లల సంగతి? సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వచ్చింది 1984లో. ఎదుగుదల లోపాల్ని చిన్నప్పుడే పట్టుకునే బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో! ఈలోగా మాట రాని పిల్లాడికి మన ఊళ్లలో వైద్యం ‘ఆగండి, అదే వస్తుంది’. నింద మాత్రం తల్లికి.

ఇప్పుడు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. బిడ్డతో ఆడిస్తూ నేర్పించేటప్పుడు తల్లి కూడా చూసి నేర్చుకోవాలి, ఇంట్లో ఆడించాల్సింది ఆవిడే కదా. మిరప కోతల రోజుల్లో వెళితే ఆ పూట కూలి పోతుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరేమో అనిపిస్తుంది నాకు.

మా వీధిలో ఒకమ్మాయి కోత నుంచి వచ్చి, కళ్లు మండకుండా చేతులు రెండుసార్లు కడుక్కుని, కొడుకుని వామనగుంటల పీట ముందు కూర్చోబెడుతుంది. గుంటకో చింతపిక్క, పిక్కకో మాట. నోట్లో పెట్టుకోకుండా నాయనమ్మ కాపలా.