పింజారి ఇంటి పిల్లలం

“సాయిబులై ఉండి ఇంత మంచి తెలుగు ఎలా మాట్లాడతారండీ?”

గుంటూరులో పుట్టి పెరిగిన మమ్మల్ని గుంటూరులోనే అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మమ్మల్ని మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. మా అబ్బా తరఫువాళ్లు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి వాళ్లను అడిగారంటే సరేలే అనుకోవచ్చు. తరతరాలుగా తెలుగు తప్ప మరో భాష ఎరగని మా అమ్మ తరఫు దూదేకులవాళ్లనూ ఇదే అడుగుతారు. వాళ్లు ఇంకే భాషలో మాట్లాడాలి?

దీనికి జవాబు ఒక్క మాటలో చెప్పలేం. చరిత్రే చెప్పాలి. ముస్లింల చరిత్ర అనగానే మన పాఠ్యపుస్తకాలు గోల్కొండ కోటకో ఢిల్లీ దర్బారుకో తీసుకుపోతాయి. మా వాళ్లెవరూ అక్కడ లేరు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి ఊళ్లలో దూది ఏకారు, పరుపులు కుట్టారు, సన్నాయి ఊదారు, కథలు చెప్పారు. ఆ చరిత్రను రాసినవాళ్లు తక్కువ. తిట్టుగా వాడుకున్నవాళ్లు మాత్రం ఎక్కువ.

మా అమ్మమ్మ ఇంటి వసారాలో దూది ఏకే విల్లు ఒకటి వేలాడుతుండేది. పిల్లలం ఎగిరి దాని నారి మీటితే గంభీరంగా మోగేది. తాత ఆ విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగేవాడట. కళ్లాల్లో మిరపకాయలు ఎండే రోజులు దాటి పెళ్లిళ్లు మొదలయ్యాయంటే కొత్త పరుపులకు దూది ఏకించుకునే ఇళ్లకు కొదవ ఉండేది కాదు. మిల్లులొచ్చాయి, ఫ్యాక్టరీ పరుపులొచ్చాయి, ఆ పని పోయింది. పని పోయినా పేరు పోలేదు. దూదేకుల అన్నారు, నూర్‌బాషా అన్నారు, పింజారి అన్నారు. పింజారి అంటే దూది ఏకేవాడు, అంతే. కానీ తెలుగునాట పిసినారినీ, నీచుణ్ణీ తిట్టాలంటే ‘పింజారీ వెధవ’ అంటారు. మేం చదువుకున్న బడిలో ఒక మాస్టారు లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి ఆ మాటే అన్నారు. తిట్టు తిన్న పిల్లవాడు పింజారి కాదు. పింజారి పిల్లలం మేం వెనక బెంచీలో కూర్చుని అందరితో పాటు నవ్వాం. నవ్వకపోతే ఎవరో తెలిసిపోతుందని.

అదే మాటను తన ఆత్మకథకు పేరుగా పెట్టుకున్న మనిషి ఒకాయన ఉన్నాడని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టాడు. ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథను ఊరూరికీ మోసుకుపోయాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన నోట వినని ఊరు మా ప్రాంతంలో తక్కువ. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశాడు. బుర్రకథ పితామహుడని అందరూ గౌరవించిన మనిషి తన జీవితాన్ని చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఆ బిరుదును ముందు పెట్టలేదు. ‘పింజారి’ అన్నాడు. మేం బడిలో దాచుకున్న మాటను ఆయన పుస్తకం అట్ట మీద పెట్టాడు.

బుర్రకథ చూసినవాళ్లకు తెలుసు. నడుమ తంబురాతో కథకుడు, రెండు పక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంతది హాస్యం, మరో వంతది రాజకీయం. కథ మంచి పట్టులో ఉండగా హాస్యం వాడు అడ్డొచ్చి నవ్విస్తాడు, రాజకీయం వాడు అందుకుని ఆనాటి ధరల గురించో దొరల గురించో ఒక చురక అంటిస్తాడు. నవ్వు వేరు, రాజకీయం వేరు, భక్తి వేరు అని గదులు కట్టుకున్న వాళ్లకు ఈ కళ అర్థం కాదు. ఏలినవాళ్లకు మాత్రం బాగానే అర్థమైంది. మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వమూ, హైదరాబాదులో నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించాయి. నిజాం ముస్లిమే, నాజర్ ముస్లిమే. ముస్లింలంతా ఒకటే అనుకునేవాళ్లు ఈ ముక్క దగ్గర కాసేపు ఆగాలి.

అమ్మమ్మ చెప్పేది. నాజర్ కథ ఉందంటే పక్క ఊరికి బండ్లు కట్టుకుని పోయేవాళ్లట. చాపలు, వేయించిన శనక్కాయలు, చంటిపిల్లలు, ముసలమ్మలు, అందరూ. బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరే ఘట్టం వచ్చేసరికి ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్లట. బాలచంద్రుడి కోసం రాత్రంతా ఏడ్చి, ఇంటికొచ్చి వజూ చేసుకుని ఫజర్ నమాజుకు నిలబడ్డానని చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏ తడబాటూ ఉండేది కాదు. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదిరిందని అడగాలని ఆమెకెవరూ నేర్పలేదు. మాకు నేర్పారు.

బుర్రకథ ఒక్కటే కాదు. నాదస్వరం సంగతి చూడండి. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా, చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబు దగ్గర విద్య నేర్చుకున్నారు. తంజావూరు బాణీ మీద మనసుపడి తమిళనాడు వెళ్లి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకుని, 1999లో అక్కడే పోయారు. ఆ వరసలో వచ్చిన దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. దేవుడి ఊరేగింపుకైనా, పెళ్లిలో తాళి కట్టే వేళకైనా మా ప్రాంతంలో ఊదేది సాయిబే. వాళ్లకది తిండి పెట్టే విద్య, తండ్రి నేర్పిన విద్య, ఇంటి గౌరవం.

ఇక్కడే మాకొక బాధ ఉంది. మతసామరస్య సభలు పెట్టినప్పుడల్లా నాజర్ పేరు, చినమౌలానా పేరు తప్పకుండా వస్తాయి. “ముస్లిం అయినా” అని మొదలుపెడతారు. ముస్లిం అయినా పల్నాటి కథ చెప్పాడు. ముస్లిం అయినా త్యాగరాజ కీర్తన వాయించాడు. ఆ ‘అయినా’ మాకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఘంటసాల పాడితే ఎవరూ ‘అయినా’ అనరు కదా! పొన్నెకల్లులో పుట్టినవాడికి పల్నాడు పరాయిదెలా అవుతుంది? మెచ్చుకుంటూనే మమ్మల్ని గడప అవతల నిలబెట్టే మాట అది.

సినిమాల సంగతి మరీ విడ్డూరం. రంజాన్ పండగ నాడు ఈద్‌గాలో నమాజు, ఇంట్లో షీర్‌ఖుర్మా, మధ్యాహ్నం బిర్యానీ, ఆపైన కుటుంబమంతా కలిసి మ్యాట్నీకి పోవడం మాకు ఆనవాయితీ. బురఖాల్లో పిన్నమ్మలు, ఫుప్పులు, కొత్త బట్టల్లో మేము. తెర మీద సాయిబు కనిపించగానే “నంబల్కీ” అంటూ వచ్చీరాని తెలుగు మాట్లాడతాడు. లేకపోతే హీరో కోసం ప్రాణమిచ్చే నమ్మకస్తుడవుతాడు. హాలంతా నవ్వుతుంది. అచ్చ తెలుగు తప్ప మాట్లాడని మా అమ్మ కూడా నవ్వేది. ఇంటికొచ్చాక “మనోళ్లెవరూ అట్టా మాట్టాడరుగదరా” అని మెల్లగా అనేది.

1992 డిసెంబరు 6 తర్వాత ఈ నవ్వులు మారాయి. బాబ్రీ మసీదు కూలింది అయోధ్యలో. గుంటూరులో మా ఇంట్లో పెద్దవాళ్లు తలుపులేసుకుని రేడియో విన్నారు. ఆ తర్వాత ప్రతి క్రికెట్ మ్యాచ్ నాడూ మా మొహాల్లో ఏదో వెతికేవాళ్లు తయారయ్యారు. మా ఊళ్లో మహాత్మాగాంధీ రోడ్డు మీదే జిన్నా టవర్ ఉంది. ఆరు స్తంభాల మీద గుమ్మటం. 1940లలో కట్టారు. దేశం రెండైనా ఊరు దాన్ని కూల్చలేదు, పేరు మార్చలేదు. దశాబ్దాల పాటు జనానికది ఒక సెంటరు. “జిన్నా టవర్ కాడ దిగుతా” అని ఆటోవాడికి చెప్పడంలో ఏ రాజకీయమూ లేదు. 2021 చివర్లో పేరు మార్చాలన్న గొడవ లేచింది. 2022 ఫిబ్రవరిలో దానికి మూడు రంగులు వేశారు. ఆ రంగులు మాకూ ఇష్టమే. కానీ దేశభక్తి రుజువు కోసం రంగు వేయాల్సి వచ్చింది టవర్‌కేనా అన్న అనుమానం మాత్రం మమ్మల్ని వదల్లేదు.

ఒక వైపు మాటే చెప్పి ఊరుకుంటే అబద్ధమవుతుంది. మా అమ్మను అబ్బా చేసుకున్నప్పుడు అబ్బా తరఫున నిఖాకు రానివాళ్లున్నారు. “దూదేకులవాళ్లు ముసల్మాన్లేమిటి, కల్మా సరిగ్గా పలకలేరు” అన్నారట. మా దాదీ చాలా కాలం అమ్మ ఉర్దూను వెక్కిరించింది. ఆపైన మతాన్ని శుద్ధి చేస్తామన్నవాళ్లు వచ్చారు. పీర్ల పండగ షిర్కు, గుండం తొక్కడం జాహిలియ్యత్, సన్నాయి హరామ్ అన్నారు. అమ్మమ్మ ఊళ్లో పీర్లను ఎత్తే మేనమామ ఒక ఏడాది ఎత్తడం మానేశాడు. ఆయన నమాజు పెరిగింది, మంచిదే. కానీ ఆ ఏడాది గుండం దగ్గర ఊదు వేసి, పానకం పంచి, తమ పిల్లలకు పీర్ల పేర్లు పెట్టుకున్న మాల, కమ్మ, రెడ్డి ఇళ్లవాళ్లు “ఏం సాయిబూ, మేమేం తప్పు చేశాం?” అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. తరాలుగా ఉన్న చుట్టరికం తెంచుకోవడానికి ఒక్క ప్రసంగం చాలింది.

సర్కారు జాబితాలోనూ మా ఇల్లు రెండు ముక్కలే. అమ్మ తరఫువాళ్లు 1970 నుంచీ బి.సి.-బి. అబ్బా తరఫు షేకులు 2007లో బి.సి.-ఇ అయ్యారు. హిందువుల లెక్కలో మేం తురకలం. తురకల లెక్కలో సగం తురకలం. సినిమావాళ్ల లెక్కలో నంబల్కీలం.

ఈ లెక్కలన్నీ ఎవరెవరో వేసినవి. మా లెక్క మేం వేసుకోవాలి. అల్లాను నమ్ముతాం, అది ఎవరికీ సంజాయిషీ చెప్పుకునే సంగతి కాదు. బాలచంద్రుడి కథ మాది, దానికి ఎవరి మెచ్చుకోలూ అక్కర్లేదు. ఉర్దూ మా దాదీ భాష, తెలుగు మా అమ్మమ్మ భాష. ఈ రెంటిలో ఏ ఒక్కటి వదులుకోమన్నా ఒక ముసలమ్మను ఇంట్లోంచి గెంటేయమన్నట్టే.

అమ్మమ్మ పోయాక ఆ ఇల్లు పంచుకున్నప్పుడు విల్లు మా వాటాకు వచ్చింది. నారి ఎప్పుడో తెగిపోయింది. ఇప్పుడది గుంటూరులో మా హాల్లో గోడ మీద ఉంది. ఇంటికొచ్చినవాళ్లు వీణలాంటిదా అని అడుగుతారు. మొన్న మా చిన్నమ్మాయి మాకంటే ముందే చెప్పేసింది.

“కాదంకుల్, మేం పింజారోళ్లం. మా ముత్తాత దూది ఏకేవాడు.”